శుక్రవారం దిగని మెట్టు

నాకు అనుమానం ఎక్కువ. మా ఆవిడ ఈ సంగతి పెళ్ళైన వారానికే కనిపెట్టింది. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. డాక్టరు రాసిన మందు పేరూ, షాపువాడు ఇచ్చిన మందు పేరూ అక్షరం అక్షరం సరిపోల్చుకుంటాను. ఎవరైనా నన్ను ఊరికే పొగిడితే, వీడికి నాతో ఏం పనిబడిందా అని ఆ పూట తిండి సయించదు. తెనాలిలో ముప్పై ఎనిమిదేళ్లు బండ్ల వైరింగ్ పని చేసి బతికాను. కరెంటు కంటికి కనపడదు. కనపడని దాన్ని పట్టుకోవాలంటే కనపడే ప్రతిదాన్నీ అనుమానించాలి. అందుకని దీన్ని నేనెప్పుడూ జబ్బు అనుకోలేదు, నా పనిముట్లలో ఒకటి అనుకున్నాను.

ఇప్పుడు షెడ్డు మూసేశాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, కొత్త బండ్లలో అంతా కంప్యూటరే కదా బాబాయ్, మీ పాత పనిలో మాకు పనికొచ్చేదేముంది అని అడుగుతుంటారు. వైరు రంగులూ ఫ్యూజు సైజులూ పుస్తకాల్లో ఉన్నాయి, అవి నన్నడగక్కర్లేదు. పుస్తకంలో లేనిది ఒకటుంది. నా అనుమానం ఒక మనిషి నోటిదగ్గర కూడు తీసేసింది. అదెట్లా జరిగిందో రాస్తున్నాను. చదవడానికి అంత బాగుండదు, అయినా చదవండి.

బాజీ మేస్త్రి మాట

నాకు పని నేర్పింది బాజీ మేస్త్రి. బుర్రిపాలెం రోడ్డులో ఆయన షెడ్డు. నోరు మంచిది కాదు. తప్పు చేస్తే చేతిలో ఏ పానా ఉంటే దాంతోనే మోకాలి మీద ఒకటి తగిలించేవాడు. ఆయన తిట్లలో సగం ఇక్కడ రాయడానికి వీల్లేదు. కానీ ఒక మాట మాత్రం నెలకోసారైనా అనేవాడు: "షెడ్డుకొచ్చిన బండి పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్ల లాంటిదిరా. మొహం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చుంటది. అసలు రూపం చూడాలంటే ఇంటికి పో."

ఒకసారి వడ్లమూడి నుంచి ఒక మాస్టారి కారు వచ్చింది. పొద్దునపూట స్టార్టవదు. నలుగురు తోసి స్టార్ట్ చేసి తెనాలి తెస్తే, ఇక్కడ తాళంచెవి తిప్పగానే పలుకుతుంది. మూడుసార్లు అట్లాగే అయింది. నాలుగోసారి మేస్త్రి టెస్ట్ ల్యాంపు జేబులో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని తొలి బస్సుకే వడ్లమూడి వెళ్లాడు. మాస్టారు కారును గడ్డివాము పక్కన పెడుతున్నారు. ఎలకలు వైరు మీది తొడుగు కొరికేశాయి. మంచుకి ఆ చోటు తడిసి కరెంటు కారిపోతోంది, తెనాలి చేరేలోపు ఇంజను వేడికి ఆరిపోతోంది. మేస్త్రి ఆ వైరు నా మొహం ముందు పెట్టి, చూసుకో దీని అసలు రూపం అన్నాడు. తిట్టకుండా ఆయన నాకు చెప్పిన పాఠం అదొక్కటే.

ఆ పాఠం బాగానే గుర్తుపెట్టుకున్నాను. అవసరమైన రోజున మాత్రం బద్ధకించాను.

సినిమా డ్రైవరు

నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొత్తలో కారంచేడు వైపు నుంచి ఒక లారీ వచ్చేది. ఏ మూడు వారాలకో నాలుగు వారాలకో సరిగ్గా తెనాలి పొలిమేరలోనే దానికి చార్జింగ్ ఆగిపోయేది. డ్రైవరు మొహం వేలాడేసుకుని వచ్చి, ఇవాళ ఇక కదల్లేనండి, రేపు చూడండి అనేవాడు. నేను విప్పి చూస్తే ఒక నట్టు వదులుగా ఉండేది, అంతే. బిగిస్తే సరిపోయేది. మూడోసారి ఆ నట్టు మీద కొత్త పానా గీతలు కనపడ్డాయి. బండి మీద చెయ్యి వెయ్యనే లేదంటున్న ఆ డ్రైవరు గోళ్ళ నిండా గ్రీజు. అప్పుడు తలెత్తి ఎదురుగోడ మీది వాల్‌పోస్టరు చూశాను. తెనాలిలో కొత్త సినిమా పడ్డ రోజే ఆ లారీ చెడిపోతోంది. మొదటాట చూడకపోతే ఆ మహానుభావుడికి నిద్రపట్టదట.

లారీ ఓనరుకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వి, రెండు తిట్లు తిట్టి వదిలేశాడు. డ్రైవరు కూడా తర్వాత నాతో బాగానే ఉన్నాడు. కానీ ఈ కథ లారీ స్టాండులన్నీ తిరిగింది. తెనాలి మేస్త్రిగారు డ్రైవరు చేతులు చూసి బండి జబ్బు చెప్పేస్తాడన్నారు. నాకు లోపల్లోపల మహా సంబరంగా ఉండేది. ఆ పేరే నన్ను చెడగొట్టింది. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా వైరు కంటే ముందు డ్రైవరు చేతులు చూడటం అలవాటైంది.

దుబాయ్ నుంచి వచ్చిన పెట్టె

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులు. రేపల్లె నుంచి కోటేశ్వరరావుగారనే ఆసామి వచ్చారు. సముద్రం వైపు రొయ్యల చెరువులూ, ఇటు వరి పొలమూ ఉన్నాయి. ముందూ వెనకా సీట్లున్న పెద్ద పికప్ బండి కొన్నారు, వెనక తొట్టిలో మేత బస్తాలు వేసుకోవడానికి. బండి బాగా ఎత్తు. ఆయన భార్య రత్నమ్మగారికి కీళ్లవాతం. మోకాలు అంత పైకి లేవదు. డ్రైవరు ఏసుపాదం తొట్టిలో ఒక ముక్కాలిపీట ఉంచేవాడు. ఆవిడ ఎక్కేటప్పుడు పీట వేసి, ఎక్కాక తీసి, దిగేటప్పుడు మళ్ళీ వేసేవాడు. నలుగురిలో పీట వేయించుకోవడం ఆవిడకి చచ్చేంత సిగ్గుగా ఉండేదట. ఆ సిగ్గుతో గుడికి వెళ్లడం కూడా తగ్గించేసిందట.

మామూలు ఫుట్‌బోర్డు వేయించొచ్చు. కానీ ఆవిడ కాలికి అందేంత కిందికి వేయిస్తే చెరువు గట్ల మీద రాళ్లకి కొట్టుకుంటుంది. దుబాయ్‌లో ఉన్న బావమరిది సెలవుకొస్తూ ఒక పెట్టె తెచ్చాడు. తలుపు తెరిస్తే మోటారు తిరిగి మెట్టు దానంతటదే కిందికి దిగుతుంది. తలుపు వేస్తే మడుచుకుని బండి కిందికి వెళ్లిపోతుంది. అది బిగించాలి.

పెట్టె చూడగానే నాకు నమ్మకం కుదర్లేదు. కాగితం లేదు. స్క్రూల తలలు అరిగున్నాయి, అంటే ఏదో బండికి ఒకసారి బిగించి ఊడదీసినవే. పైగా ఇంకా పెద్ద బండి కోసం చేసినవి. ఆ మాటే కోటేశ్వరరావుగారికి మొహం మీదే చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకుంటే నొచ్చుకున్నారు. మీరు కూడా అట్లాగే చెప్పండి. కస్టమరు ముచ్చట పడి తెచ్చాడని తలూపితే రేపు మాట పడేది మీరే.

రెండు రోజులు బల్ల మీద పెట్టి బ్యాటరీతో ఆడించి చూశాకే బండికి పెట్టాను. జానెడు పొడుగు కోయించి, లేత్ షాపులో కొత్త బ్రాకెట్లు చేయించాను. ఛాసిస్‌కి కొత్త బెజ్జం వెయ్యలేదు, ఉన్న బెజ్జాలకే బిగించాను. బ్యాటరీ దగ్గరే విడిగా ఫ్యూజు పెట్టాను. ఒక్కో మెట్టుకి రెండు ఇనుప చేతులు, వాటిని తిప్పే పిన్నులు, ఒక మోటారు. ఆ మెట్టుకి ఒక గుణం ఉంది, అది గుర్తుపెట్టుకోండి. దిగేటప్పుడు దారిలో ఏదైనా అడ్డుపడి బిగుసుకుంటే మోటారు మొండికెయ్యదు. ఎవరి కాలైనా నలిగిపోతుందేమోనని ఉన్నచోటే ఆగిపోతుంది.

బండి తీసుకెళ్లే రోజున రత్నమ్మగారు కూడా వచ్చారు. ఏసుపాదం తలుపు తీశాడు. మెట్టు మెల్లగా దిగి ఆవిడ కాళ్ల ముందు ఆగింది. ఆవిడ కాసేపు చూస్తూ నిలబడి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్లతో ఎక్కింది.

"నా కోసమే దిగొచ్చినట్టుందండీ అన్నయ్యగారూ," అంది. కళ్లల్లో నీళ్లు.

ఆ చెప్పులెందుకు విప్పిందో నేను ఆలోచించలేదు. కొత్త వస్తువు కదా, మట్టి అంటుతుందని అనుకున్నాను. అన్నిటినీ అనుమానించే నేను అనుమానించాల్సినదాన్ని ఎంత సులువుగా వదిలేశానో చూడండి.

మూడు సోమవారాలు

పదిహేను రోజుల తర్వాత కోటేశ్వరరావుగారు ఫోన్ చేశారు. మెట్టు శుక్రవారం సగంలో ఆగిపోయిందన్నారు. పంపించండి అన్నాను. సోమవారం ఏసుపాదం బండి తెచ్చాడు. తలుపు తీస్తే మెట్టు వెన్నపూసలా దిగింది. యాభైసార్లు తీసి వేశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. వైర్లన్నీ లాగి చూశాను, మీటరు పెట్టి చూశాను. ఏమీ లేదు.

ఆ పై శుక్రవారం మళ్ళీ ఆగింది. మళ్ళీ సోమవారం బండి వచ్చింది, మళ్ళీ బుద్ధిగా పనిచేసింది. ఆ తర్వాతా అంతే.

వచ్చిన ప్రతిసారీ బండి తోమిన గిన్నెలా ఉండేది. బురద చెరువుల మీద తిరిగే బండి, కింద మోటారు దగ్గర కూడా మట్టి రేణువు ఉండేది కాదు. మూడోసారి నేను గోనెపట్టా పరుచుకుని కిందికి దూరి పిన్నులు చూశాను. వాటి చుట్టూ స్క్రూడ్రైవరుతో గోకిన గీతలు, కొత్తవి. డీజిల్ వాసన. పైకి లేచి ఏసుపాదం వైపు చూశాను. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, తెల్లచొక్కా. బాపట్ల అతనిది. అడిగితే తప్ప మాట్లాడడు. అతని చొక్కా జేబులోంచి డీజిల్ మరకల గుడ్డ ఒకటి తొంగిచూస్తోంది.

మెట్టు మీద చెయ్యి వేస్తున్నావా అని అడిగాను. తుడుస్తానండి, అంతేనన్నాడు. ఎందుకన్నాను. మట్టి పడుతుంది కదండీ అన్నాడు. ఆ మాట అంటూ నేల చూశాడు. అతను ఏదో దాస్తున్నాడని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. దాస్తున్న మాట నిజమే. దాస్తున్నవాడు దొంగే అయ్యుంటాడని అనుకోవడం దగ్గర నా బుద్ధి బోల్తా పడింది.

ఆ సాయంత్రం బజార్లో అతను జామకాయలు కొనడం చూసి వెనకే వెళ్లాను. ఇట్లాంటి పని చేశానని రాయడానికి సిగ్గుగానే ఉంది. అతను ఒక ఆడపిల్లల హాస్టలు గేటు దగ్గర ఆగాడు. రెండు జడల పిల్ల ఒకటి పరుగెత్తుకుంటూ వచ్చి కాయలు తీసుకుంది. అతని కూతురు. ఇంకేముంది, నా లెక్క కుదిరిపోయింది. ఆ లారీవాడికి సినిమా, వీడికి కూతురు. తెనాలి రావడానికి సాకు కావాలి, మెట్టును కావాలనే పట్టేసేట్టు చేస్తున్నాడు. గోకిన గీతలున్నాయి, డీజిల్ గుడ్డ ఉంది, తెనాలిలో పనీ ఉంది. అన్నీ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. పిల్లల్లారా, అన్నీ అంత బాగా అతికితే ఒకసారి విప్పి చూడండి. నేను విప్పి చూడలేదు. రేపల్లె పాసింజరు ఎక్కితే గంటన్నర ప్రయాణం. పనుల ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకున్నాను.

నేనన్న మాట

ఆ పై శుక్రవారం రత్నమ్మగారు, మెట్టు వచ్చాక ప్రతి వారం వెళ్తున్నట్టే, బాపట్ల గుడికి వెళ్లారు. గుడి ముందు బండి ఆగింది. ఆవిడ తలుపు తీసి, అలవాటు చొప్పున మెట్టు ఉండాల్సిన చోట కాలు పెట్టారు. మెట్టు లేదు. సగంలో ఆగిపోయింది. ఏసుపాదం అటు చుట్టి వచ్చేలోపే కింద పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది.

మర్నాడు కోటేశ్వరరావుగారు ఫోన్ చేశారు. గొంతులో కోపం మండిపోతోంది. నీ పనితనం ఇదేనా, ఆడమనిషిని పడేసే మెట్టు బిగించావే అన్నారు. షెడ్డులో నా చుట్టూ ఆరేడుగురున్నారు, డ్రైవర్లూ మెకానిక్కులూ. అందరూ నా వైపే చూస్తున్నారు. ముప్పై ఏళ్ల పేరు పోతుందనిపించింది. భయమేసింది. భయమేసినప్పుడు నా గొంతు పెద్దదవుతుంది.

"నా పనిలో లోపం లేదండీ. బండి మీద ఎవరిదో చెయ్యి పడుతోంది. మీ డ్రైవరు చేతులు చూడండి," అన్నాను.

అంతే. వేరే ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే ఏసుపాదాన్ని పనిలోంచి తీసేశారు. చెయ్యి పెట్టావా అని అడిగితే పెట్టానన్నాడట. ఎందుకంటే చెప్పలేదట. నాకు ఆ కబురు తెలిసినప్పుడు, నిజం చెప్పాలి, నిమ్మళంగా అనిపించింది. షెడ్డులోవాళ్లు మేస్త్రిగారి కన్ను కన్నే అన్నారు. నేను వద్దనలేదు.

శుక్రవారం పొద్దున

ముగ్గురు డ్రైవర్లు మారారో ఇద్దరు మారారో, నెల తిరిగేసరికి మళ్ళీ ఫోన్. ఇప్పుడు మెట్టు అసలు కదలడమే లేదట. తలుపు వేస్తే మడుచుకోలేక మోటారు దగ్గర కాలిన వాసన వస్తోందట. కోటేశ్వరరావుగారు ఈసారి కేకలు వెయ్యలేదు. "వాడు పోయి నెలయింది కదండీ మేస్త్రిగారూ, మరి ఇప్పుడు చెయ్యి ఎవరిదంటారు?" అని నెమ్మదిగా అడిగారు. బాజీ మేస్త్రి పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. పానాతో మోకాలి మీద కొట్టినట్టే అనిపించింది.

శుక్రవారం తొలి పాసింజరుకి రేపల్లె వెళ్లాను. వస్తున్నట్టు చెప్పలేదు. వాళ్ల వాకిట్లో బండి ఉంది. ఎడమ తలుపు తెరిచి ఉంది. మెట్టు కిందికి దిగిపోయి బిగుసుకుపోయి ఉంది. దాని ముందు ఆ పాత ముక్కాలిపీట వేసుకుని రత్నమ్మగారు కూర్చున్నారు. కుడిచేతికి కట్టు. పక్కన చెంబుతో నీళ్లు, ఒక గిన్నెలో తడిపిన పసుపు, ఒక గిన్నెలో జారుగా కలిపిన వరిపిండి. ఎడమచేత్తో మెట్టు పొడుగునా పసుపు రాస్తున్నారు. కుడిచెయ్యి లేదు కదా, గీతలు వంకరపోతున్నాయి. పసుపూ పిండీ అంచులమ్మట కారి ఇనుప చేతుల్లోకి, పిన్నుల్లోకి దిగుతున్నాయి. లోపల వారాలుగా దిగినది ఎండి, పోస్టరు అంటించిన మైదాలా గట్టిపడి ఉంది.

నన్ను చూసి ఆవిడ నవ్వారు. లేవలేకపోతున్నాను, ఏమీ అనుకోవద్దన్నారు. ఏం చేస్తున్నావమ్మా అన్నాను.

"శుక్రవారం కదండీ. గడపకి పసుపు రాయకుండా ఎట్లా? ఇంటికి గడపుంది, బండికి లేదే అనుకునేదాన్ని అన్నయ్యగారూ. మీరొచ్చి పెట్టారు," అన్నారు.

నేను మెట్టు దగ్గర వంగి పిన్నులు వేలితో తడిమాను. వచ్చిన ప్రతి సోమవారం బండి కింద ఎందుకు అంత శుభ్రంగా ఉండేదో, ఆ గీతలేమిటో, ఆ గుడ్డేమిటో ఒక్కసారిగా తెలిసింది. అతను మెట్టును పాడుచెయ్యడం లేదు. వారం వారం గోకి, డీజిల్‌తో తుడిచి, దాన్ని ఆడేట్టు చేస్తున్నాడు. రుజువులన్నీ తన చేతులతోనే కడిగేసి, ఉత్త చేతులతో నా ముందు నిలబడ్డాడు.

కోటేశ్వరరావుగారు బయటికొచ్చారు. ఏంటి జబ్బు అన్నారు. తేమ అని చెప్పొచ్చు. తేమ అంటే నమ్మేవారే, సముద్రం పక్క ఊరు. నా పేరు నిలిచేది, ఆవిడ మనసు కష్టపడేది కాదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మీ చేతి పసుపే అమ్మా అని ఆవిడ మొహం చూసి చెప్పడం నా బతుకులో చేసిన పనులన్నిటికంటే కష్టమైంది.

ఆవిడ పసుపు చెయ్యి చూసుకున్నారు. తర్వాత కట్టు వేసిన చెయ్యి చూసుకున్నారు.

"మరి ఏసుపాదాన్ని పంపించేశాం కదండీ," అన్నారు.

బాపట్లలో

ఏసుపాదం ఫోన్ ఎత్తలేదు. ఆ మర్నాడే చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్లాను. అతను ఏ బండీ నడపడం లేదు. ఒక సిమెంటు కొట్టు దగ్గర బస్తాలు దింపుతున్నాడు. నా మాట నాకంటే ముందే బాపట్ల చేరింది. ఓనరమ్మని పడేసిన డ్రైవరని ఎవరూ తాళంచెవి చేతికివ్వలేదట. కూతుర్ని హాస్టలు మాన్పించి ఇంటికి తెచ్చేశాడట. ఈ సంగతులు అతను చెప్పలేదు, కొట్టువాడు చెప్పాడు.

బస్తా దింపి, చేతులు దులుపుకుని వచ్చాడు. తల మీద గుడ్డ తీసి పక్కన నిలబడ్డాడు. నాకు తెలిసినదంతా చెప్పి, ముందే ఎందుకు చెప్పలేదయ్యా అన్నాను. అందులో కూడా కొంచెం కోపం వినిపించిందనుకుంటాను. తప్పు నాది, కోపమూ నాదే.

అతను ఆ గుడ్డ దులిపి మడతపెట్టాడు. తర్వాత నింపాదిగా చెప్పుకొచ్చాడు. ప్రతి శుక్రవారం బాపట్ల గుడికి పోయే దారిలో, చెరుకుపల్లిలో టీ తాగే నెపంతో బండి ఆపేవాడట. అమ్మగారి వైపు ముందు సీటు తలుపు తీసి, ఏదో వెతుకుతున్నట్టు వంగి, పిన్నులు తుడిచేవాడట. ఇంటికొచ్చాక మిగతాది గోకేవాడట. తుడవకముందే ఎవరైనా తలుపు తీస్తే మెట్టు సగంలో ఆగేది, ఆ మూడు శుక్రవారాలూ జరిగింది అదేనట. ఆవిడ పడ్డ శుక్రవారం మాత్రం అమ్మగారు, పూజ వేళ దాటిపోతోంది, టీకి ఆపొద్దన్నారట.

"అమ్మగారికి పసుపు రాయొద్దని ఒక్క మాట చెప్తే పోయేది కదా?" అన్నాను.

"నా పేరేంటండీ మేస్త్రిగారూ?" అన్నాడు. "ఏసుపాదం. మాది చర్చికెళ్లే ఇల్లు. అమ్మగారి పసుపు వల్ల బండి పాడైందని నా నోటితో అంటే, మెట్టు సంగతి ఎవరన్నా చూస్తారా? నా సంగతి చూస్తారు. పైగా ఆవిడ అంత సంతోషంగా రాసుకునేవారండి. తుడిస్తే పోయేదానికి చెప్పడమెందుకులే అనుకున్నా."

కోటేశ్వరరావుగారు మళ్ళీ పనిలోకి రమ్మన్నారని చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఆయన మీద కోపం లేదు గానీ ఆ గుమ్మం ఎక్కలేనన్నాడు. మరి నన్నేం చెయ్యమంటావన్నాను.

"ఆ మాట మీరు షెడ్డులో నలుగురి ముందు అన్నారు కదండీ. అక్కడే, అంత గట్టిగానే, కాదని అనండి. నేనొచ్చి నిలబడతాను."

షెడ్డులో

వారం ఆగి సోమవారం పెట్టుకున్నాం. ఆ ఫోన్ వచ్చిన రోజు షెడ్డులో ఉన్నవాళ్లలో దొరికినవాళ్లందర్నీ టీకి పిలిచాను. ఏసుపాదం తెల్లచొక్కా వేసుకుని బాపట్ల నుంచి వచ్చాడు. కోటేశ్వరరావుగారు తనే బండి నడుపుకుంటూ రత్నమ్మగారిని తీసుకొచ్చారు.

రాత్రంతా మాటలు సమకూర్చుకున్నాను. తీరా నిలబడితే ఒక్కటీ గుర్తురాలేదు. ఏసుపాదం చెయ్యి పెట్టింది పాడుచెయ్యడానికి కాదు, బాగుచెయ్యడానికి అన్నాను. చూడకుండా అన్నాను, రేపల్లె వెళ్లకుండా అన్నాను, నా పేరు కాపాడుకోవడానికి అన్నాను అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఒకడు దగ్గాడు. ఒకడు టీ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. వాళ్లలో ఎంతమంది నమ్మారో తెలియదు. చెడ్డమాట నమ్మినంత తొందరగా మంచిమాట నమ్మరు. కానీ అక్కడ టీ తాగినవాళ్లలో ఒక డాక్టరుగారి డ్రైవరున్నాడు, అతను పని మానేస్తున్నాడు. ఆ పై వారం ఏసుపాదం బాపట్లలో ఆ డాక్టరుగారి కారు ఎక్కాడు. స్కూళ్లు తెరిచేనాటికి పిల్ల మళ్ళీ తెనాలి హాస్టలుకి వచ్చింది.

మెట్టు సంగతి కూడా చెప్పాలి. ఆ సోమవారానికి ముందే రేపల్లె వెళ్లి, విప్పి, కడిగి, మోటారు మార్చాను. మెట్టు పొడుగున ఒక టేకు పలక చేయించి, రెండు కొక్కేలతో తగిలించేట్టు పెట్టాను. శుక్రవారం పలక ఊడదీసి, అరుగు మీద పెట్టుకుని పసుపు రాసుకుని, ఆరాక తగిలించుకోవచ్చు. టీలయ్యాక పలక ఊడదీసి ఇస్తే రత్నమ్మగారు ఒళ్లో పెట్టుకుని చేత్తో నిమిరి చూశారు. తర్వాత మెల్లగా నడిచి ఏసుపాదం ముందు నిలబడ్డారు.

"తుడిచేది నువ్వా బాబూ," అన్నారు. అతను అవునండి అన్నాడు.

వాళ్లు బయల్దేరబోతున్నారు. తలుపు తెరిచారు, మెట్టు దిగింది. ఏసుపాదం అలవాటు చొప్పున జేబులోంచి గుడ్డ తీసి వంగబోయాడు. నా కళ్లు, నా ఈ పాడు కళ్లు, టక్కున అతని చేతుల మీదికే వెళ్లాయి. అంత మాట నలుగురిలో చెప్పి పావుగంట కూడా కాలేదు. అతను అది చూశాడు. వంగినవాడు లేచాడు. మొహంలో కోపమేమీ లేదు. గుడ్డ రెండు వైపులా విప్పి, తిప్పి చూపించి, నా చేతికిచ్చాడు.

"మీరే తుడవండి మేస్త్రిగారూ," అన్నాడు.

గోనెపట్టా వేసుకోకుండానే మోకాళ్ల మీద కూర్చుని, రెండు పిన్నులూ తుడిచాను. నేను లేచేదాకా అతను తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.